గన్నవరం నుంచి లండన్‌కి చిన్న ప్రైవేట్ జెట్‌లో వెళ్తే ఎక్కడ ఆగాలి, అక్కడ ఏం దొరుకుతాయో ఎలా తెలుస్తుంది?

ఫీనమ్ 300 లాంటి చిన్న జెట్‌కి రేంజ్, అంటే ఒకసారి ఫ్యూయల్ నింపితే వెళ్లగలిగే దూరం, 3,700 కిలోమీటర్ల దాకా ఉంటుందండీ, కానీ పడమరకి పోయేటప్పుడు ఎదురుగాలి గట్టిగా ఉంటుంది కాబట్టి ఆ లెక్క పూర్తిగా నమ్ముకోకండి, మస్కట్‌లో ఒకసారి, సైప్రస్‌లోని లార్నకాలో ఒకసారి ఆగేలా ప్లాన్ చేసుకోవడమే నయం.

సర్వీసుల కోసం మీరు ఆగే దేశం ఏఐపీ, అంటే ఎయిర్‌పోర్టుల వివరాలతో ఆ దేశం ఇచ్చే అధికారిక పుస్తకం, తెరవండి. ప్రతి ఎయిర్‌పోర్టుకీ అందులోని ఏడీ 2.3 అనే భాగంలో కస్టమ్స్, ఇమిగ్రేషన్, ఫ్యూయలింగ్ ఏ టైంలో ఉంటాయో, 2.4లో ఏ ఫ్యూయల్ దొరుకుతుందో రాసుంటుంది, టైములు మామూలుగా యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఇస్తారు, మన టైం కావాలంటే దానికి ఐదున్నర గంటలు కలుపుకోవాలి. నోటామ్‌లు, అంటే తాజా మార్పుల గురించి పైలట్లకిచ్చే నోటీసులు, కూడా చూడండి.

జెట్ కాకుండా పిస్టన్ ఇంజిన్ విమానమైతే మాత్రం అసలు తలనొప్పి దానికి కావాల్సిన ఏవ్‌గ్యాస్ అనే పెట్రోలే, జెట్‌లకి వాడే జెట్ ఏ-1 ఫ్యూయల్ ఉన్న చోటల్లా అది ఉండదు, అందుకే ఆ ఎయిర్‌పోర్టులో విమానం పనులు చూసే హ్యాండ్లింగ్ ఏజెంట్‌కి ముందే మెయిల్ పెట్టి స్టాక్ ఉందని రాతలో తీసుకోండి. ఓవర్‌ఫ్లైట్ (దేశం మీదుగా ఎగరడానికి), ల్యాండింగ్ పర్మిట్ల పని కూడా వాళ్లకే అప్పజెప్పొచ్చు.