థ్రాటిల్ నడుమ రెండు 'టి'లు

అమలాపురం

ఒరే అల్లుడూ,

ఏం చెయ్యాలన్నా మాటలు టైపు చెయ్యాల్సిన ఆ పాత స్పేస్ క్వెస్ట్ కంప్యూటర్ ఆటని గడియారం పెట్టుకుని పరిగెత్తిస్తూ నువ్వు పంపిన వీడియో మూడుసార్లు చూశాను. రెండోసారి మీ మావయ్య గడియారం పట్టుకుని పక్కన కూచున్నారు. దారి ఎక్కడా తప్పలేదు నువ్వు, అది ఒప్పుకోవాలి. కానీ తప్పించుకునే చిన్న ఓడ, అదే పాడ్‌లోకి ఎక్కాక "పుల్ థ్రాటిల్" అని కొట్టడానికి పదకొండు సెకన్లు పట్టిందిరా నీకు! నడుమ ఒక 'టి' మింగేశావు. ఆ మాట తనకి తెలీదని ఆట ఒక డబ్బా చూపించింది. దాన్ని మూసి, మళ్ళీ మొదట్నించీ కొట్టి, ఈసారి 'ఎల్' ముందు 'ఇ' పెట్టి, మళ్ళీ డబ్బా. నాకు నవ్వొచ్చింది, తర్వాత మా నాన్న గుర్తొచ్చారు.

ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్ సంగతి నీకు తెలుసుగా. లోయరుకి నిమిషానికి ముప్ఫై మాటలు, హయ్యరుకి నలభై అయిదు. కొత్తగా చేరినవాళ్ళ చేతుల మీద తువ్వాలు కప్పి "ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్" కొట్టించేవారు. అక్షరాలు చూడనిచ్చేవారు కాదు. 1992లో మిషన్ల పక్కన ఒక పాత కంప్యూటరు కొన్నారు. మానిటర్‌లో ఉన్నవి రెండే రంగులు, నలుపూ పసుపూ. అందులోకి స్పేస్ క్వెస్ట్ ఫ్లాపీలు తెచ్చింది విశాఖపట్నంలో చదువుకునే ఎదురింటి కుర్రాడు. రాత్రి ఎనిమిదికి పిల్లలంతా వెళ్ళిపోయాక నేనూ వాడూ కూచునేవాళ్ళం. కరెంటు ఉంటే ఆట, పోతే దోమలు. పూర్తి చెయ్యడానికి మూడు నెలలు పట్టింది. ఆటలోని ఆర్కేడా ఓడకి రంగులున్నాయని నాకు తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత.

అప్పటికే అది పాత ఆట. సియెరా అనే ఆటల కంపెనీ వాళ్ళు 1986లో తెచ్చారు. చేసింది మార్క్ క్రో, స్కాట్ మర్ఫీ అని ఇద్దరు. "ఆండ్రొమెడా నుంచి వచ్చిన ఇద్దరు" అని తమకి తామే పేరు పెట్టుకున్నారు. అందులో మన హీరో రోజర్ ఓడ ఊడ్చేవాడు. చీపుళ్ళ గదిలో పడి నిద్రపోతుంటే శత్రువులొచ్చి అందర్నీ చంపేసి, స్టార్ జనరేటర్ అనే యంత్రం పట్టుకుపోతారు. నిద్రపోయినవాడు ఒక్కడే బతుకుతాడు. పని ఎగ్గొట్టినందుకు ప్రాణం దక్కిన కథ ఇంకెక్కడా చూళ్ళేదు నేను.

సరే, పనిలోకి వద్దాం. 1991లో మౌస్‌తో ఆడేలా రంగులేసి మళ్ళీ చేశారు, దాని లెక్క వేరు, దాన్ని వదిలెయ్. నువ్వు ఆడుతున్న పాతదాంట్లో నడక అందరికీ ఒకటే. మెనూలో వేగం "ఫాస్టెస్ట్" పెట్టాక రోజర్ కాళ్ళు నీకూ నాకూ ఒకేలా కదుల్తాయి. మరి ఒకడికీ ఇంకొకడికీ తేడా ఎక్కడొస్తుంది? ఆగినచోట. నీ వీడియోలో ప్రతి గది గుమ్మంలోనూ ఒక ఊపిరి తీసుకుంటున్నావు. వస్తువు దగ్గరికి నడుస్తావు, నిలబడతావు, అప్పుడు కొట్టడం మొదలెడతావు. అక్కర్లేదురా! నువ్వు కొడుతున్నంతసేపూ ఈ ఆట ఆగదు. బాణం మీట ఒక్కసారి నొక్కితే చాలు, వాడు నడుస్తూనే ఉంటాడు. వాడు నడుస్తుండగానే కింద గీత మీద "సెర్చ్ బాడీ" కొట్టి ఉంచు. శవం పక్కకి చేరగానే ఎంటర్ ఒక్కటే నొక్కు. సియెరా వాళ్ళే తర్వాత తెచ్చిన ఆటల్లో కొట్టడం మొదలెట్టగానే అంతా బిగుసుకుపోయేది, ఆ వెసులుబాటు ఉండేది కాదు. ఇందులో ఉంది, వాడుకో. ముందు కొట్టిన వాక్యమే మళ్ళీ కావాలంటే ఎఫ్3 నొక్కు, వచ్చేస్తుంది. నీకది తెలీదని వీడియోలో స్పష్టంగా కనిపిస్తోంది.

మాటలు కురచగా ఉండాలి. ఒక క్రియ, ఒక వస్తువు. ఇంగ్లీషు "ద" లాంటివి ఆట ఎలాగూ పట్టించుకోదు, నువ్వెందుకు మొయ్యడం? కాగితం మీద మొత్తం ఆటలో కొట్టాల్సిన వాక్యాలన్నీ వరసగా రాసుకో. ఆట తెరవకుండా, ఉత్త నోట్‌ప్యాడ్‌లో, ఆ జాబితాని రోజుకి ఇరవైసార్లు కొట్టు. చేతుల మీద తువ్వాలు కప్పుకో. నవ్వకు, నిజంగానే అంటున్నాను. వారం తిరిగేసరికి "థ్రాటిల్" నీ వేళ్ళకి నీ పేరులా వస్తుంది. సీటు బెల్టు సంగతి కూడా అంతే. తొందరలో అది పెట్టుకోకపోతే పాడ్ కెరోనా గ్రహం మీద పడగానే చావే.

కెరోనాలో ఇంకో రెండు మాటలు. పాడ్ ముందు పగిలిన గాజు ముక్క తియ్యడం మరిచిపోకు, గుహలో లేజర్ దగ్గర అదే దిక్కు. ఓరాట్ అనే ఆ గుహ రాక్షసుడికి సాలీడు యంత్రాన్ని ఎర వేశావు, చూడ్డానికి బాగుంది, నేనూ అలాగే చేసేదాన్ని. కానీ అదొచ్చేదాకా ఎదురు చూడాలి. నీ దగ్గరున్న ఎండబెట్టిన నీళ్ళ డబ్బా విసిరెయ్, మింగి ఉబ్బి పేలిపోతాడు. మరీ దగ్గరికి పోయావంటే నిన్నే పట్టుకుంటాడు.

యూలెన్స్ ఫ్లాట్స్ అనే ఊళ్ళో నీ స్కిమ్మర్ బండి కొంటానని ఒకడొస్తాడుగా, మొదటి బేరానికి ఒప్పుకోకు. కొబ్బరికాయల బేరం చూసి పెరిగినవాడివి, నీకు నేను చెప్పాలా. రెండోసారి వచ్చినప్పుడు వీపుకి కట్టుకుని ఎగిరే జెట్‌ప్యాక్ కూడా ఇస్తాడు. బార్‌లో జూదం మిషనుంది చూడు, అది మాత్రం నాకు గిట్టదు. మూడు పుర్రెలు పడ్డాయంటే చచ్చావే. ఎంత సాధన చేసినా అక్కడ అదృష్టానికి తల వంచాల్సిందే. సేవ్ చేసి వెనక్కి రావచ్చా లేదా అన్నది నీ రికార్డు పంపే చోట నియమాలు చదివి తేల్చుకో. ఆటలో ఉన్న మొత్తం 202 మార్కుల జోలికి పోకు, నీకు వాటితో పనిలేదు.

ఇంకొకటి. నెలకోసారైనా గడియారం కట్టేసి ఆట మెల్లిగా ఆడు. కుర్చీల్ని చూడు, శవాల్ని చూడు, పిచ్చి మాటలు కొట్టి చూడు. నువ్వు చచ్చినప్పుడల్లా ఆట నిన్ను ఎలా ఎగతాళి చేస్తుందో చదువు. ఎదురింటి కుర్రాడూ నేనూ ఆ ఎగతాళి కోసమే కావాలని చచ్చేవాళ్ళం, ఒక్కో మాటకి డిక్షనరీ తీసి మరీ నవ్వేవాళ్ళం. పరిగెత్తేటప్పుడు నువ్వా డబ్బాలన్నీ చదవకుండా ఎంటర్ కొట్టేస్తున్నావు, కొట్టాలి కూడా. కానీ అసలు చదవనే లేదేమో అని నా అనుమానం.

1996 నవంబరు తుపానుకి ఇన్‌స్టిట్యూట్ రేకులు ఎగిరిపోయాయి. కంప్యూటరూ ఫ్లాపీలూ నానిపోయాయి. మిషన్లు మాత్రం తుడిచి నూనె వేస్తే మళ్ళీ పనిచేశాయి. ట్రంకు పెట్టెలో ఉండబట్టి మా పటాల నోటుబుక్కు బతికింది. ఆర్కేడా గదులు, కెరోనా గుహలు, బాల్ పెన్ను గీతలు, మధ్యమధ్యలో కాఫీ మరకలు. అప్పటి మా ఇంటి ఫోను నంబరు నాకు గుర్తు లేదు గానీ 6858 మాత్రం ఎప్పుడడిగినా చెబుతాను. స్టార్ జనరేటర్‌ని పేల్చేసే అంకెలు అవేనని నీకు తెలుసు.

నోటుబుక్కు ఫోటోలు తీసి పంపమంటే పంపను. సంక్రాంతికి వచ్చి చూసుకో. వచ్చేటప్పుడు నీ కీబోర్డు తెచ్చుకో, నాదాంట్లో 'టి' సరిగ్గా పడ్డం లేదు.

మీ అత్త