తెల్ల గోడల ఫ్లాట్ ఆసుపత్రిలా ఉందన్న ప్రశ్నకు సమాధానం

మణికొండ ఫ్లాట్‌లో సామాను తగ్గించి, గోడలకు తెల్ల రంగు వేయిస్తే హాలు ఆసుపత్రి వార్డులా తయారైందని, టైల్స్ పీకించాలా అని అడిగారు కదండీ. వద్దు. ముందు బల్బులు మార్చండి. మన ఇళ్ళలో ఎక్కువగా ఉండేవి 6500 కెల్విన్ (వెలుగు రంగును చెప్పే కొలత) బల్బులు, ఆ నీలిఛాయ తెలుపే మీ సగం సమస్య. పసుపు ఛాయ వెలుగునిచ్చే 2700 లేదా 3000 వేసి, గోడ మూల నుంచి వెలుగు పడేలా ఒక లాంప్ పెట్టండి. వంటగదిలో మాత్రం 4000 ఉండనివ్వండి, కూరగాయలు తరగాలిగా!

తర్వాత నేల. మెరిసే టైల్స్ మీద వరంగల్ నూలు తివాచీ ఒకటి పరిస్తే చాలు, మాటల ప్రతిధ్వని కూడా తగ్గుతుంది.

రాయి కావాలంటే బాల్కనీకి తాండూరు బండలు వేయించండి. పాలిష్ చేయని గరుకు రకం అయితే వానలో కాలు జారదు. కానీ అది సున్నపురాయి. నిమ్మరసం పడినా, బాత్‌రూమ్ యాసిడ్‌తో కడిగినా తెల్లటి మచ్చ పడుతుంది, తుడిస్తే పోదు. పనమ్మాయికి ముందే చెప్పండి.

సోఫా పక్కన టేకు బల్ల ఒకటి ఉంటే బాగుంటుంది. కొత్త టేకు ధర చూసి టెన్షన్ పడకండి. పాత ఇళ్ళు కూల్చినప్పుడు వచ్చిన తలుపులు అమ్మే దుకాణాల్లో వెతకండి. మేకులు పీకించి, నిగనిగలాడే వార్నిష్ బదులు నూనె పట్టించండి. టేకులా కనిపించే లామినేట్ మాత్రం, నా మాట విని, వద్దు.