అమ్మాయి చట్టసభకు వెళ్తానంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో ఉంటాం. మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడాది. కంప్యూటర్ సైన్స్ మానేసి పొలిటికల్ సైన్స్ చదువుతానని, కార్మికుల కోసం, పౌరహక్కుల కోసం పనిచేసే ప్రజాప్రతినిధిని అవుతానని పట్టుబట్టింది. మాకు ఒకటే టెన్షన్. అసలు ఇదొక కెరీరేనా?
- ఒక తండ్రి

జవాబు: కెరీరేనండీ. కాకపోతే పట్టా చేతికి రాగానే ఆఫర్ లెటర్ వచ్చే రకం కాదు, చాలా ఓపిక కావాలి. ఎంత ఓపికో తెలియాలంటే మీ రాష్ట్రం నుంచి అమెరికా కాంగ్రెస్‌కు, అంటే అక్కడి పార్లమెంటుకు వెళ్లిన తొలి నల్లజాతి సభ్యుడు, లిబరల్ డెమొక్రాట్ ఆగస్టస్ హాకిన్స్ గురించి అమ్మాయితో కలిసి చదవండి. ఆయన లాయర్ కాదు, లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ (యూసీఎల్‌ఏ)లో ఎకనామిక్స్ చదివారు. 1934లో రాష్ట్ర అసెంబ్లీకి గెలిచి 28 ఏళ్లు అక్కడ, 1963 నుంచి మరో 28 ఏళ్లు కాంగ్రెస్‌లో పనిచేశారు. ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే బిల్లు కోసం రాష్ట్రంలో 1940లలోనే మొదలుపెడితే, అది చట్టమయ్యేసరికి 1959 వచ్చింది. 1964 పౌరహక్కుల చట్టంలోని ఏడో అధ్యాయం వెనకా ఆయన కృషి ఉంది. పుట్టిన దేశం చూసో, ఒంటిరంగు చూసో మీ ప్రమోషన్ ఆపితే మీరు ఫిర్యాదు చేయగలిగేది ఆ అధ్యాయం వల్లే. ఆయన చివరి పెద్ద పౌరహక్కుల బిల్లును 1990లో అధ్యక్షుడు బుష్ వీటో చేశారు. ఆ వీటోను తోసిపుచ్చడానికి సెనేట్‌లో ఒక్క ఓటు తక్కువైంది. మరుసటి ఏడాది దాని స్థానంలో వేరే చట్టం వచ్చింది, అప్పటికి ఆయన రిటైరైపోయారు. ఇలాంటి రోజులు తట్టుకోగలనని అమ్మాయి అంటే, మీరు అడ్డుపడకండి.

అయితే మీరు రాయని విషయం ఒకటుంది. అమ్మాయికి పౌరసత్వం ఉందా? అమెరికా ప్రతినిధుల సభకు పోటీ చేయాలంటే 25 ఏళ్లు నిండాలి, పౌరసత్వం వచ్చి ఏడేళ్లు కావాలి. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్న మన కుటుంబాల్లో పిల్లలకు 21 నిండితే డిపెండెంట్ వీసానే పోతుంది. మీదీ అదే పరిస్థితైతే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవండి, మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) సంగతి తర్వాత.

కంప్యూటర్ సైన్స్ పూర్తిగా వదలక్కర్లేదు. మైనర్‌గా, అంటే రెండో సబ్జెక్టుగానైనా ఉంచుకోమనండి. ఓడిపోయిన ఏడాది ఇల్లు గడవాలి కదా. పైగా జీతం అన్నిచోట్లా ఒకేలా ఉండదు, టెక్సాస్ శాసనసభ్యులకు నెలకు 600 డాలర్లే. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ కౌంటీ రవాణా శాఖలో సివిల్ ఇంజినీర్‌గా పనిచేస్తూనే 2010లో మేరీల్యాండ్ శాసనసభకు గెలిచారు. 2023లో లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు.

లా స్కూల్ గురించి ఇప్పుడే తేల్చుకోవద్దు. ఈ వేసవి మీ అసెంబ్లీ సభ్యుడి నియోజకవర్గ ఆఫీసులో ఇంటర్న్‌గా చేరమనండి. అక్కడ ప్రసంగాలుండవు, ఫోన్లుంటాయి. అవతల హోటల్లో గిన్నెలు కడిగే మనిషి, పే స్లిప్‌లో గంటలు తగ్గించి వేశారంటాడు. ఆ స్లిప్ ఫొటో తెప్పించుకుని, గంటలు కూడి, లేబర్ కమిషనర్‌కు ఫిర్యాదు ఎలా ఇవ్వాలో అతనికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. రెండు నెలలు ఆ ఫోన్లు ఎత్తాక కూడా ఇదే కావాలంటే, అప్పుడు మేజర్ మార్చుకోనివ్వండి.