మండువా ఇంట్లో మ్యూజియం

అమ్మడూ, పెదనాన్న ఆశీస్సులు.

కోనసీమలో మన మండువా ఇంటిని ఊరి మ్యూజియం చేస్తానన్నావు. సంతోషం. అప్పుడే అద్దాల బీరువాలకు కొటేషన్లు కూడా తెప్పించేశావట! కాస్త ఆగు. ముందు గట్టి అట్ట ఉన్న రిజిస్టరు ఒకటి కొను.

వస్తువు గడప లోపలికొచ్చిన రోజే నంబరు వేసి రాసెయ్యి. ఏమిటది, ఎవరిచ్చారు, ఏ ఊరు, కొలతలెంత, ఎక్కడ విరిగింది. ఊరికే ఇచ్చారా, చూపించడానికే ఇచ్చారా అన్నది రాయించి సంతకం తీసుకో. రేపు వాళ్ల మనవళ్లొచ్చి మా భోషాణం మాకిచ్చేయమంటే నీకు ఆ సంతకమే దిక్కు. ఇంకోటి, ఇచ్చేవాళ్లను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి మాట్లాడించు. ఇత్తడి కుంచం ఒకటి వస్తుందనుకో. దాంతో కౌలు ధాన్యం కొలిచారా, కూలి గింజలు కొలిచారా, ఎవరి చేత్తో కొలిచారు? అది రాయకపోతే నీ దగ్గరున్నది ఉత్త పాత్రే.

ఆ కుంచాన్ని చింతపండేసి తోమించకు. మనవాళ్లు ఊరుకోరు, నాకు తెలుసు! పొడిగుడ్డతో తుడిస్తే చాలు. పాత ఫోటోలకు లామినేషన్ వద్దే వద్దు.

ఇక ఇల్లు. సున్నపు గోడలకు సిమెంటు పూద్దామంటాడు మేస్త్రి, ఒప్పుకోకు. మన డెల్టాలో నేల చెమ్మ గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. సున్నం దాన్ని బయటికి వదిలేస్తుంది, సిమెంటు లోపలే బిగబట్టేస్తుంది. అప్పుడు ఉప్పు తేలి ఇటుకే పొడిపొడిగా రాలుతుంది. బీరువాలు గోడకు జానెడు ఎడంగా ఉండాలి. 1986 ఆగస్టు వరదలో నీళ్లు ఎంతవరకొచ్చాయో పెద్దవాళ్లనడిగి గోడమీద గీత గీయించు. తాళపత్రాలూ దస్తావేజులూ ఆ గీతకు పైనే ఉండాలి. చూడవచ్చినవాళ్లు ముందు ఆ గీత దగ్గరే ఆగుతారు, చూడు.

పొలం దున్నుతుంటే నాణేలు దొరికాయని ఎవరైనా తెస్తే ముచ్చటపడి తీసేసుకోకు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. నూరేళ్లు దాటిన విగ్రహాలు, చిత్రాల రిజిస్ట్రేషన్‌కు 1972 నాటి పురావస్తువుల చట్టం ఉంది. పురావస్తు శాఖవాళ్లను అడిగి ఆ పని పూర్తి చెయ్యి.

ఒకసారి రాజమండ్రి వెళ్లు. చిత్రకారుడు దామెర్ల రామారావు ముప్పై నిండకుండానే 1925లో పోయాడు. అయినా ఆయన బొమ్మలు ఆయన పేరిటి చిత్రకళా మందిరంలో ఇవాళ్టికీ చూడొచ్చు. రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం కూడా చూడు. అక్కడ వస్తువులతోపాటు జనాన్నీ గమనించు. ఏ వివరాల పలక దగ్గర నిలబడి చదువుతున్నారు, ఏది చూడకుండా దాటిపోతున్నారు, రాసుకో. బయల్దేరే ముందు సెలవు ఏ రోజో కనుక్కో.

మీ పెదనాన్న