రీలు మార్చే వ్యవధిలో: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: సెలవుల్లో తాతయ్య పట్టుబట్టి 'మాయాబజార్' చూపించారు. అరగంటకే నిద్రపోయాను. ఆయన నొచ్చుకున్నారు. ఇంకా పాతవైతే కెమెరా కదలదు, పాత్రలు అరుస్తాయి. ఇందులో ఆనందం ఎక్కడుంది?
– డిగ్రీ విద్యార్థిని, అమలాపురం

జవాబు: నిద్రపోవడం తప్పు కాదమ్మా. నేనూ నిద్రపోయాను, అదీ ఇసకలో. సార్వా కోతలయ్యాక మా ఊరి కాలవ పక్క చేలో టూరింగ్ టాకీసు డేరా వేసేవారు. మా బాబాయి అందులో ఆపరేటరు. ఉన్నది ఒక్కటే ప్రొజెక్టరు. రెండు వేల అడుగుల రీలు 22 నిమిషాల్లో అయిపోగానే దీపాలు వేసి, రీలు మార్చి, మళ్లీ ఆర్పేవారు. మూడు గంటల సినిమాకు ఏడెనిమిది సార్లు ఇదే తంతు. ఆ కాస్త వ్యవధిలో కుర్చీల వాళ్లు సోడాలు తెప్పించుకునేవారు, నేల టిక్కెట్టు వాళ్లం తర్వాత ఏం జరుగుతుందో పందేలు వేసుకునేవాళ్లం, నిద్రపోయిన వాణ్ణి పక్కవాడు లేపి కథ అందించేవాడు. అలా ముక్కలుగా చూసిన వాళ్లం మేం. మీరు ఏకబిగిన చూడాలనడం మా తరం చేస్తున్న అన్యాయం. తాతయ్యగారితో ఒప్పందం చేసుకోండి: పూటకు 22 నిమిషాలు, ఆపైన కథ ఎటు పోతుందో మీరే ఊహించి చెప్పాలి, ఆయన నోరు మెదపకూడదు.

మొదటి ముక్కగా 'అహ నా పెళ్లియంట' పాట పెట్టించుకోండి. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు. పాట నడుమ సుశీల గొంతు పోయి ఘంటసాల గొంతు వస్తుంది. ఒకసారి శబ్దం పూర్తిగా తీసేసి చూడండి. గొంతు మారిన క్షణాన్ని సావిత్రి భుజాలే చెప్పేస్తాయి. ఆ తర్వాత ఎస్.వి. రంగారావుగారి ఘటోత్కచుణ్ణి చూస్తే, ఆమె ఆ ఠీవిని ఎవరి దగ్గర అరువు తెచ్చుకున్నదీ తెలుస్తుంది. అదే సినిమాలో పడవ పాట వెన్నెల కూడా గమనించండి. మార్కస్ బార్‌ట్లీ కెమెరాతో పుట్టించిన వెన్నెల అది. గోదావరి మీద నిజం వెన్నెల్లో రేవు దాటిన వాణ్ణి కనుక చెబుతున్నాను: పడవలో ఎదుటి మనిషి కళ్లు అంత చక్కగా కనబడవు. నాకు మాత్రం బార్‌ట్లీ వెన్నెలే ఇష్టం.

ఇక అరుపుల సంగతి. తొలి టాకీల నటులు ఎక్కువమంది నాటకాల నుంచి వచ్చినవారు. మైకు లేని రోజుల్లో చివరి వరుస దాకా పద్యం వినిపించిన గొంతులవి. పైగా అప్పటికి నేపథ్యగానం లేదు. నటుడే మైకుకు దగ్గరగా నిలబడి పాడాలి, వాద్యగాళ్లు తెర మీద పడకుండా పక్కనే నక్కి కూర్చోవాలి, కెమెరా మోత మైకులో పడకుండా దాన్ని మూసిపెట్టాలి. ఇక కదలడానికి చోటెక్కడ? కాకినాడలో పుట్టిన చిత్తజల్లు పుల్లయ్యగారు 1934లో ఇన్ని ఇబ్బందుల మధ్యే 'లవకుశ' తీశారు. జనం విరగబడి చూశారు. అయినా నేపథ్యగానమూ రంగులూ వచ్చాక ఆయన అదే కథను మళ్లీ మొదలుపెట్టారు. కొడుకు సి.ఎస్. రావు పూర్తిచేయగా 1963లో విడుదలైంది. మొదటిసారి కుదరనిదేదో ఆయన మనసులో మిగిలిపోయి ఉంటుందని నా అనుమానం.

ప్రశ్న: మూకీ సినిమాల్లో మనుషులు తరుముతున్నట్టు పరుగులాంటి నడక ఎందుకు నడుస్తారు?
– ఉపాధ్యాయుడు, పాలకొల్లు

జవాబు: వాళ్లు మామూలుగానే నడిచారండి, తొందర మన యంత్రానిది. మూకీ కెమెరాను చేత్తో తిప్పేవారు. సెకనుకు 16 బొమ్మలు, ఒక్కోసారి 20, తిప్పేవాడి చేతివాటాన్ని బట్టి. మాట వచ్చాక వేగం 24 దగ్గర స్థిరపడింది. గ్రామఫోను రికార్డు వేగం మారితే గాయకుడి గొంతు ఏమవుతుందో మీకు తెలియనిది కాదు కదా. 16తో తీసినదాన్ని 24తో వేస్తే గంట పని నలభై నిమిషాల్లో తెమిలిపోతుంది. ఫోనులో చూసేటప్పుడు వేగాన్ని ముప్పావుకు తగ్గించండి, మనుషులు కుదుటపడతారు. ఈమధ్య బాగుచేసిన ప్రతుల్లో ఇది ముందే సరిదిద్ది ఉంటుంది, వాటికి అక్కర్లేదు.

ప్రశ్న: మా అటక మీద తాతగారి నాటి తుప్పు పట్టిన రేకు డబ్బాలో ఫిలిం చుట్ట దొరికింది. పులిసిన వాసన వస్తోంది. ఇంట్లో అందరూ పారేయమంటున్నారు.
– గృహిణి, నరసాపురం

జవాబు: పారేయకండమ్మా! ఆ వాసన వెనిగర్‌ది, ఎసిటేట్ ఫిలిం పాడవుతోందనడానికి గుర్తు. ముందు అంచును భూతద్దంతో చూడండి. ఇంగ్లీషులో 'సేఫ్టీ' అని ఉంటే నిప్పు భయం తక్కువ. 'నైట్రేట్' అని ఉంటే ఇంట్లో ఉంచకండి, పొయ్యికీ ఎండకూ దూరంగా బయట చల్లని చోట పెట్టండి. 1950ల మొదటి దాకా వాడిన ఆ రకం ఫిలిం ఒకసారి అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు.

సేఫ్టీ ఫిలిం అయితే తుప్పు డబ్బా మార్చండి. ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టకండి, ఆ ఆవిరి లోపలే ఉండి కుళ్లును పెంచుతుంది. అప్పడాలే మెత్తబడిపోయే మన డెల్టా గాలిలో ఫిలిం ఇన్నాళ్లు నిలవడమే గొప్ప. అలాగని ఎండబెట్టకండి, అవి వడియాలు కావు. 1964 నుంచి పుణెలో జాతీయ ఫిలిం ఆర్కైవ్ ఉంది, వారికి ఉత్తరం రాయండి.

హెచ్.ఎం. రెడ్డిగారు తీసిన మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. ఈనాడు దాని ప్రింటు ఒక్కటీ లేదు. అప్పటి ఫిలింలో వెండి ఉండేది. ఆడేసిన ప్రింట్లను ఆ వెండి కోసం కరిగించిన రోజులవి. మీ డబ్బాలో ఉన్నది ఎవరి పెళ్లి ఫిలిమో కావచ్చు, అయినా సరే. మొదటి రెండు అడుగులు మెల్లగా విప్పి, కిటికీ వెలుతురుకు పట్టి, ఏం కనిపించిందో నాకు రాయండి. పొరలు అతుక్కుని ఉంటే మాత్రం బలవంతంగా లాగకండి.