ఆర్మీ నుంచి వచ్చాక 22 కిలోలు పెరిగాను.. అర్ధరాత్రి తిండి ఆపుకోలేకపోతున్నా!

ప్రశ్న: నా వయసు 39. రెండేళ్ల కిందట సైన్యం నుంచి బయటికొచ్చాను. డ్యూటీలో ఉండగా ఓ పేలుడులో నా పక్కనున్నవాళ్లు చనిపోయారు. ఇప్పటికీ రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తాను. ఆకలి లేకున్నా కడుపు పట్టనంత తింటాను. తర్వాత సిగ్గేసి మర్నాడు సాయంత్రం దాకా ఏమీ ముట్టను. సర్వీసులో బరువు చూసే రోజొస్తుందంటే తిండి మానేసి తగ్గేవాణ్ని. ఇప్పుడు ఆ పట్టుదల ఏమైపోయింది? బరువు తగ్గే మాత్రలు వాడొచ్చా?
- ఒక పాఠకుడు

జవాబు: మీ పట్టుదలకేమీ కాలేదు. ముందు ఆ పగటి పస్తులు మానేయండి. రోజంతా కడుపు మాడ్చుకుంటే రాత్రి తిండి అదుపు తప్పడం మరింత తేలిక.

మీరు రాసిన లక్షణాలు రెండు సమస్యల్ని సూచిస్తున్నాయి. ఒకటి పీటీఎస్‌డీ, అంటే భయంకర సంఘటన తర్వాత మనసుకు మిగిలిపోయే గాయం. ప్రమాదం ఎప్పుడో దాటిపోయినా మనసు ఇంకా కాపలా కాస్తూనే ఉంటుంది. రెండోది బింజ్ ఈటింగ్. కనీసం వారానికోసారి చొప్పున 3 నెలలు ఇలా అదుపు లేకుండా తింటుంటే దాన్ని జబ్బుగానే చూడాలి. ఇది ఆడపిల్లల సమస్యనుకుని మగవాళ్లు, అందులోనూ యూనిఫాం వేసుకున్నవాళ్లు నోరు విప్పరు. నిజానికి మా డాక్టర్లమూ అడగం, షుగర్, బీపీ చూసి పంపించేస్తాం.

నిద్ర చాలనప్పుడు ఆకలి పెంచే గ్రెలిన్ హార్మోన్ పెరిగి, ఇక చాలని చెప్పే లెప్టిన్ తగ్గుతుంది. ఒత్తిడిలో మనసు తీపి, నూనె పదార్థాల మీదికి పోతుంది. తింటున్నంతసేపూ ఆ జ్ఞాపకాలు కాస్త వెనక్కి తగ్గుతాయి కాబట్టి మళ్లీ అదే కావాలనిపిస్తుంది. దొరికినప్పుడు గబగబా తినేయడం, తూకానికి ముందు పస్తులుండటం సర్వీసులో అలవాటై ఉంటే, అవి రిటైరైన రోజే పోవు.

బరువు మాత్రలు సొంతంగా వద్దు. కొన్ని గుండెదడ, ఆందోళన పెంచి ఉన్న నిద్రనూ చెడగొడతాయి. సైకియాట్రిస్టును కలిసి పేలుడు గురించి, తిండి గురించి ఒకేసారి చెప్పండి. ఒకదాన్ని దాచి రెండోదానికే చికిత్స తీసుకుంటే సగంలో ఆగిపోతుంది. ఇలాంటి మానసిక గాయాలకు ప్రత్యేకించిన సీబీటీ (ఆలోచనల తీరు మార్చే మాటల చికిత్స), ఈఎండీఆర్ (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ చేదు జ్ఞాపకాల తీవ్రత తగ్గించేది) లాంటి థెరపీలున్నాయి. అవసరమైతే సెర్ట్రలిన్ లాంటి మందులిస్తారు. ఇప్పటికే వాడుతున్న మందుల చీటీ కూడా చూపించండి. మానసిక సమస్యలకిచ్చే మిర్టాజపిన్, ఒలాంజపిన్ బరువు పెంచగలవు. నిద్రకు జోల్పిడెమ్ వేసుకున్నవాళ్లలో కొందరు లేచి తింటారు, పొద్దున్నే గుర్తుండదు. అలాగని మీ అంతట మీరే ఏదీ ఆపొద్దు. గట్టిగా గురక పెడుతుంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) పరీక్ష చేయించుకోండి.

ఈలోగా మూడు నాలుగు గంటలకోసారి ఏదో ఒకటి తినండి. రాత్రి ఎక్కువ తిన్నా పొద్దుటి టిఫిన్ మానొద్దు, అదే అన్నిటికన్నా కష్టం. బరువు వారానికోసారి చూసుకుంటే చాలు. మొదటి వారాల్లో ముల్లు కదలకపోవచ్చు, రాత్రి తిండి తగ్గుతోందా లేదా అన్నదే చూడండి.

బలవంతంగా వాంతి చేసుకోవడం, విరేచనాల మాత్రలు వాడటం ఉంటే పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు. అలా చేస్తున్నా, చనిపోవాలనిపిస్తున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.