కారు కార్పెట్ మ్యాట్లు కడిగాక కూడా వాసన ఎందుకొస్తుంది?

చాలావరకు సరిగా ఆరకపోవడం వల్లే. పైన చేత్తో తడిమితే పొడిగానే అనిపిస్తుంది కానీ పోగుల మొదట్లో, రబ్బరు పొర మీద తేమ అలాగే ఉంటుంది. బూజు పట్టేది అక్కడే.

ముందు మ్యాట్‌ని తిరగేసి బాగా దులిపి, వాక్యూమ్ చేయండి. మట్టి ఉండగానే నీళ్లు పోస్తే బురదై లోపలికి దిగుతుంది. బకెట్ గోరువెచ్చని నీళ్లకు రెండు చెంచాల కారు షాంపూ చాలు. ఎక్కువైతే జిడ్డు మిగిలి దుమ్ము ఇంకా త్వరగా పడుతుంది. బ్రష్‌తో రుద్ది, నురగ పోయేదాకా కడిగి, గాలి ఆడేచోట నిలువుగా వేలాడదీయండి.

ఉత్త రబ్బరు మ్యాట్లకైతే ఇంత శ్రమ లేదు. మెరుపు కోసం టైర్ పాలిష్ మాత్రం పూయొద్దు, పెడళ్ల దగ్గర కాలు జారుతుంది. డ్రైవర్ వైపు మ్యాట్‌కి క్లిప్పులు తప్పక బిగించండి. ముందుకు జరిగితే యాక్సిలరేటర్‌కి అడ్డుపడుతుంది.